చేపల వాసన లేని చొక్కా

ఐస్‌లాండు ఉత్తరాన ఒక చిన్న రేవు ఊరు. క్రిస్మస్ వెళ్లిన మూడో రోజు పొద్దున. ఆరుబయట ఈతకొలను, దాని పక్కనే వేడినీళ్ల తొట్టి. తొట్టిలో మెడ దాకా మునిగి, నెత్తిన ఉన్ని టోపీలతో ఇద్దరు ఆడవాళ్లు: నవలలు రాసే యోరున్, చిన్నప్పుడు బడిలో ఆమె పక్కన కూర్చున్న హెర్దిస్.

"ఒక్కళ్లూ తిట్టలేదేమిటే?"

"ఎందుకు తిట్టాలి?"

"ఎందుకేమిటి హెర్దిస్, ఎప్పుడూ తిడతారుగా. పోయిన నవలకి రొట్టెల కొట్టాయన ఈస్టరు దాకా నాకు మాడినవే కట్టిచ్చాడు. అందులో పాస్టరు ముక్కు తన ముక్కేనట."

"ఆయన ముక్కే కదే అది."

"ముక్కు ఆయనదే. చెవులు వేరేవాళ్లవి పెట్టాను. అది చూడరు."

"మరి నా పెనం సంగతో?"

"పెనం అని ఎక్కడ రాశాను? గరిటె అని మార్చానుగా."

"అదే నా ఏడుపు. పెనంతో కొట్టి విడాకులు తీసుకున్నదాన్ని, గరిటెతో కొట్టినట్టు రాశావు. ఊళ్లో నా పరువేం కావాలి?"

"చూశావా, తిట్టంటే అదీ. ఈసారి అలాంటిది ఒక్కటీ లేదు. ఇందాక కొలనులో దిగేముందు అందరం కడుక్కునే స్నానాల గదిలో పాస్టరు పెళ్లాం నన్ను వాటేసుకుంది. ఒంటి మీద నూలుపోగు లేదు, ఇద్దరికీ. సబ్బు నురగతో అలాగే పట్టుకుని, 'నీలాంటి ఆడవాళ్లుండబట్టే ఈ ఊరు నిలబడింది' అంది. నేనెటు చూడాలి?"

"గోడ వైపు చూడాలి."

"గోడకి అద్దం ఉంది."

"కళ్లు మూసుకోవాల్సింది."

"నవ్వకు. నాకు భయంగా ఉంది. నిన్న పుస్తకాల షాపు తెరిచారా? ఏటా ఈపాటికి నా పుస్తకాలు మార్పిడి చీటీలతో సహా వరసగా వెనక్కొస్తాయి. కానుకొచ్చిన నా నవల అక్కడ పడేసి ఏ హత్యల నవలో పట్టుకుపోతారు. ఈసారి ఒక్కటీ రాలేదట. ఒకాయనకి మూడు వైపుల నుంచి మూడు కాపీలు కానుకొస్తే మూడూ ఉంచుకున్నాడట. మనుషులు చేసే పనేనా అది?"

"మంచి పుస్తకం రాశావు, జనానికి నచ్చింది. అంతే."

"నా మొహం చూడకుండా చెప్తున్నావు."

"ఈ ఆవిరిలో నీ మొహం ఎక్కడ కనపడి చచ్చింది?"

"సరే. నీకు నచ్చిందా?"

"నచ్చింది."

"ఎలా చదివావు? ఎప్పటిలాగే పెన్సిలు పుచ్చుకునేనా?"

"పెన్సిలు లేకుండా నీ పుస్తకం ఎవరు చదువుతారే ఈ ఊళ్లో? మనిషి రాగానే పక్కన అసలు పేరు రాసుకోకపోతే తర్వాత కలిసిపోతారు."

"ఈసారి పక్కన ఎవరెవర్ని రాశావు?"

"ఎక్కువమంది లేరులే."

"అదే అడుగుతున్నా, ఎవరెవరు?"

"పెన్సిలు మొన విరిగింది. ఇదేమిటే, పరీక్షలా. నీ నవల్లో ఆ రాగ్నా నచ్చింది నాకు. మొగుడి ఉద్యోగం పోయింది, పోయిందని వాడు చెప్పడు, రోజూ పనికి పోతున్నట్టే పోతాడు. ఆవిడకి మొదటి వారమే తెలిసిపోయింది. అయినా తెలీనట్టే డబ్బాలో రొట్టె సర్ది పంపిస్తుంది. ఏడాది పాటు. ఎలా ఓర్చుకున్నావే తల్లీ."

"కష్టమే అయింది."

"అవదూ మరి."

"ఒక ఆడదాన్ని రెండొందల పేజీలు నోరు మూయించి కూర్చోబెట్టాలంటే రాసేవాళ్లకి మాటలా? నాలుగో అధ్యాయంలోనే అడిగించేద్దామనుకున్నా. 'రోజూ ఎక్కడికి పోతున్నావయ్యా' అని."

"అడగాల్సింది యోరున్."

"అడిగితే నవల అయిపోతుందిగా."

"నవల కోసం ఆగావా? గుండె రాయి చేసుకున్నావే నువ్వు."

"నువ్వు పొగుడుతున్నావో, దెప్పుతున్నావో తెలియట్లేదు."

"అటు చూడు, మీ ఆయన ఇంకా ఈదుతూనే ఉన్నాడు."

"చూశావా? ఏడాదైంది కోల్బెయిన్ ఈ కొలనులో దిగి. ఎప్పుడు రమ్మన్నా నడుం నొప్పి. ఇవాళ తనే లేచి, తనే నా తువ్వాలు కూడా సంచిలో పెట్టి, పద పద అని తొందర. అదంతా నా నవల మహిమ."

"చదివాడా?"

"చదవడమేమిటి. పండగ రాత్రి కానుకలు విప్పాక అందరిళ్లలో లాగే మేమూ చెరో పుస్తకం, చెరో చాక్లెట్ పెట్టె పట్టుకుని పక్కెక్కాం. ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషి నా పుస్తకాల్లో చదివింది అట్టలే. 'అట్ట బాగుంది' అనేవాడు, దీపం ఆర్పేవాడు. ఈసారి ఆర్పలేదు. నాకు మెలకువొచ్చేసరికి ఆఖరి పేజీ మీద ఉన్నాడు. కళ్లు చింతనిప్పులు."

"ఏమన్నాడు?"

"లేచి వంటింట్లోకి పోయి మాంసం వండిన గిన్నె తోమాడు. అడుగంటిన గిన్నె అది, మర్నాటికి నానబెట్టాను. దాన్ని గీకి గీకి తోమి, తడి చేతులతో వచ్చి నా చెయ్యి పట్టుకుని, 'ఇంక నేను నోరు తెరిచి చెప్పక్కర్లేదు కదా యోరున్' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"అక్కర్లేదులే, నీ మొహం చూస్తేనే తెలుస్తోంది అన్నాను."

"అయ్యో నా తల్లే. అంత మాటన్నావా."

"అనకేం చేస్తాను. నచ్చిందని చెప్పడానికి మగాళ్లకి ఎంత మొహమాటమో తెలీదూ?"

"నచ్చిందని."

"నవల."

"నవల నచ్చిందని చెప్పబోయాడంటావు."

"మరింకేమిటి చెప్తాడు?"

"ఏం లేదు. నీళ్లు ఇవాళ మరీ వేడిగా లేవూ?"

"ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నాయి. ఏమైందే?"

"యోరున్, ఒక్కటి అడుగుతా. ఆ రాగ్నాని ఎక్కడ్నుంచి తీశావు?"

"రేడియో వాళ్లూ అదే అడిగారు. గాల్లోంచి అన్నాను."

"అది విన్నాను. రేడియోలో ఇంటి సంగతులు ఎవరు చెప్పుకుంటారు, గుట్టుగా బాగా దాటేసింది అనుకున్నా. నాతో చెప్పు. నిజంగా గాల్లోంచేనా?"

"నీ మీద ఒట్టు. చొక్కా ఒక్కటి తప్ప."

"ఏ చొక్కా?"

"పుస్తకం పేరే అదిగా. పోయిన చలికాలం ఒకరోజు బట్టలు మిషనులో వేస్తుంటే తట్టింది, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కోల్బెయిన్ చొక్కాకి చేపల వాసన రావడం లేదని. ఇన్నేళ్లు ఆ వాసనతో కాపురం చేసి నా ముక్కే మొద్దుబారింది కాబోలు అనుకున్నా. అయినా ముక్క బాగుందే, అని రాసిపెట్టుకున్నా. అక్కడ్నుంచి అల్లుకుంటూ పోయాను. మొగుడి చొక్కాకి వాసన ఎందుకు పోతుంది? పనికి పోవట్లేదు కనక. పోకపోతే ఎక్కడికి పోతున్నాడు? చెప్పడెందుకు? అలా."

"అలా అల్లావు."

"అలాగే అల్లుతారు ఎవరైనా."

"ఆ తర్వాత మళ్లీ ఎప్పుడైనా ఆ చొక్కా వాసన చూశావా?"

"ఎందుకు? రాసేశాగా."

"యోరున్, లే. ఇంటికి పోదాం."

"ఇప్పుడేగా దిగాం. చూడు గాలి ఎలా కొడుతోందో."

"అయితే ఉండు. ఇక్కడే ఉండు, కదలకు. కొలను గట్టు మీదుగా పోవాలి, మీ ఆయన ఆపి మాట్లాడతాడు. వద్దు. ఉండు."

"నీకేమైనా ఒంట్లో బాగాలేదా? అదిగో, స్టీన్వోర్ వస్తోంది. ఇంక నా పని అయిపోయింది."

"దేవుడా. ఇప్పుడే రావాలా ఈవిడ."

"రానీ. బడి లైబ్రరీ ఉద్యోగం వదిలి ఇన్నేళ్లయినా ఈ ఊళ్లో ఎవరు రాసినా ఆవిడ మార్కులు పడందే అది పుస్తకం కాదు. రండి స్టీన్వోర్, చెయ్యివ్వండి."

"జరగండి పిల్లలూ. మోకాలు వంగదు నాకు. హెర్దిస్, కూర్చో. బడిలోనూ అంతే నువ్వు, నేను రాగానే లేచేదానివి. యోరున్, నీ పుస్తకం చదివాను."

"చెప్పండి. మీరైనా తిట్టండి."

"తిట్టడానికే వచ్చాను. ఈ మోకాలు పెట్టుకుని ఈతకొచ్చాననుకున్నావా?"

"హమ్మయ్య."

"ఆ మొగుణ్ణి రోజంతా రేవు దగ్గర కారులో కూర్చోబెట్టావు. చలికాలం. పెట్రోలు దండగని ఇంజిను ఆపేస్తాడు. మూడో అధ్యాయానికల్లా గడ్డకట్టి చావాలి వాడు. నీ పుస్తకంలో పదకొండో అధ్యాయం దాకా పక్షుల్ని చూస్తుంటాడు."

"ఒంటరితనం చూపించాలి కదండీ. కారైతే అద్దాల మీద ఆవిరి పడుతుంది, బయట సముద్రం మసగ్గా..."

"ఆవిరి కోసం మనిషిని చంపుతారా? లైబ్రరీలో కూర్చోబెట్టొచ్చుగా. వెచ్చగా ఉంటుంది, కాఫీ ఉంటుంది, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. ఉద్యోగం పోయిన మగాళ్లు ఎక్కడికి పోతారనుకున్నావు?"

"స్టీన్వోర్, మీ తమ్ముడి కంటి ఆపరేషను..."

"నా కాలెవరు తన్నారు?"

"నేనే. జారింది."

"కూర్చున్నదానివి ఎలా జారావు హెర్దిస్? సరే. అది నువ్వు కావాలనే మార్చావని తర్వాత అనుకున్నాలే యోరున్. మర్యాద కోసం. అతను కూర్చునే చోటు నలుగురికీ తెలియడమెందుకని."

"ఎవరు కూర్చునే చోటు?"

"హెర్దిస్, మళ్లీ తన్నావు."

"ఎవరు కూర్చునే చోటండీ?"

"ఆఖరి మాట సంగతి చెప్పండి స్టీన్వోర్. పుస్తకం ఆఖరి మాట. అది మీకు నచ్చలేదని మొన్న ఫోనులో అన్నారుగా, అది చెప్పండి."

"నచ్చలేదు. మొగుడు ఆఖరికి వంటింట్లో నిలబడి, 'నీకెప్పట్నుంచి తెలుసు' అని అడుగుతాడా. అప్పుడా రాగ్నా ఏమంటుంది? 'రేపు డబ్బాలో ఏం పెట్టమంటావు' అంటుంది. భూమ్మీద ఏ ఆడదీ అలా అనదు."

"అనదా?"

"ఏడాది అబద్ధమాడినవాడితోనా? నేనైతే డబ్బాలో ఏం పెట్టేదాన్నో చెప్పమంటావా?"

"చదివినవాళ్లందరూ ఆ మాట దగ్గరే ఏడ్చారండీ."

"ఏడుస్తారు. అబద్ధం కుదురుగా చెప్తే ఏడుపొస్తుంది. అక్కడ నీ కలం మంచితనానికి లొంగింది, నాకు తెలిసిపోయింది. కానీ తర్వాత ఆలోచించాను. బతికినదానికి తెలుస్తుంది కానీ చదివినదానికి ఏం తెలుస్తుంది? నువ్వు నిజంగా అతనితో అలాగే అనుంటావు. అందుకని క్షమించాను."

"నేనా? ఎవరితో?"

"స్టీన్వోర్, దీనికి తెలీదు."

"ఏం తెలీదు?"

"ఏమీ తెలీదు. అంతా గాల్లోంచి రాసిందట."

"గాల్లోంచా. మొత్తమా?"

"చొక్కా తప్ప."

"ఏమిటి నాకు తెలీనిది? హెర్దిస్, ఇటు తిరుగు. టోపీ పైకెత్తి నన్ను చూడు."

"చెప్పను. నీకు చెప్తే వచ్చే పండగకి పుస్తకంలో ఉంటుంది."

"హెర్దిస్."

"అందరం అదే అనుకున్నామే. యోరున్‌కి చెప్పొద్దు, పుస్తకంలో వేసేస్తుంది, పాపం కోల్బెయిన్ తలెత్తుకోలేడు అని. ఏడాది నోళ్లు కుట్టుకుని కూర్చున్నాం. నీకు తెలుసా నాకెంత కష్టమో? తీరా పండగ రాత్రి ఊరంతా ఒక్కసారే పుస్తకం విప్పేసరికి, నువ్వే వేసేశావు. నేను పక్కన రెండే పేర్లు రాసుకున్నాను యోరున్. నీదీ, అతనిదీ."

"కోల్బెయిన్ ఏం చేశాడు?"

"అతనేం చెయ్యలేదు. సొరంగం అవతల ఫ్యాక్టరీలో చేపలు కోసే కొత్త మిషను పెట్టారు. పోయిన జనవరిలో. అతన్నీ, ఇంకో ఆరుగుర్నీ ఇంక రావద్దన్నారు."

"కోల్బెయిన్ రోజూ పనికి పోతున్నాడు."

"పోతున్నాడు."

"తెల్లారకుండానే పోతాడు. నేనే డబ్బా..."

"అవును."

"నేనే డబ్బా సర్దుతున్నాను."

"అవును యోరున్."

"మరి జీతం పడుతోందిగా."

"అది జీతం కాదే, సర్కారు ఇచ్చే నిరుద్యోగ భృతి. చాలనప్పుడు వాళ్ల నాన్న నాటి పడవ అమ్ముకున్నాడు."

"మరమ్మతుకి పంపానన్నాడు."

"ఏడాదా మరమ్మతు?"

"నేను రాసుకుంటున్నానే."

"తెలుసు."

"నేను రాసుకుంటున్నాను హెర్దిస్. తలుపేసుకుని. నాకు పడవెందుకు గుర్తుంటుంది?"

"అందుకే అతను చెప్పలేదు. తపాలా ఆఫీసు మానెయ్యి, ఇంట్లో కూర్చుని రాసుకో, నేనున్నాగా అని నిరుడు క్రిస్మస్‌కి అన్నాడు చూడు. నెల తిరక్కుండానే ఇది వచ్చిపడింది. చెప్తే నువ్వు మళ్లీ ఉత్తరాలకి ముద్రలు కొట్టడానికి పోతావు, పుస్తకం ఆగిపోతుంది అని ఫ్యాక్టరీలో పనిచేసే మా అన్నయ్యతో అన్నాడట."

"ఎక్కడికి పోతున్నాడు? రోజూ. ఎక్కడ కూర్చుంటున్నాడు?"

"ఇందాక తిడుతూ చెప్పాగా. లైబ్రరీలో. అవతలి ఊళ్లో మా అక్క కూతురే చూస్తుంది దాన్ని. కిటికీ పక్క కుర్చీ అతనిది."

"కోల్బెయినా? లైబ్రరీలోనా? చేసేదేమిటి అక్కడ?"

"చదువుతాడు. మొదట్లో పేపర్లు తిరగేసేవాడట. తర్వాత పడవల పుస్తకాలు. తర్వాత నవలలు. ఇప్పుడు చదివింది మళ్లీ చదువుతాడట. రచయిత ఇక్కడ ఎందుకు దాటేశాడూ, ఈ మనిషి చేత ఈ మాట ఎందుకు అనిపించాడూ అని ఆ పిల్ల ప్రాణం తోడేస్తాడట."

"అట్ట బాగుంది అనే కోల్బెయినా?"

"ఆ కోల్బెయినే."

"వేసవిలో నా బల్ల మీద కాగితం ఒకటి తీసి చూసి, 'ఈ వాక్యాన్ని రెండు చెయ్యొచ్చు' అన్నాడండీ. జ్వరమేమోనని నుదురు తడిమాను."

"రెండు చేశావా?"

"చేశాను. బాగుంది. అప్పుడు కూడా... అప్పుడు కూడా అనుమానం రాలేదు నాకు."

"నీ ముక్కుకి తెలుసు యోరున్. నీ చేతికి తెలుసు. నీకొక్కదానికే తెలీదు."

"అది పొగడ్తా?"

"కాదు."

"చిన్న చిన్నవి గమనించడమే నా పని అని రేడియోలో చెప్పాను."

"విన్నాం."

"అందరూ విన్నారా?"

"వంట చేసుకుంటూ విన్నాం. ఎంత గుంభనంగా చెప్పిందో అనుకున్నాం."

"చచ్చిపోతే బాగుండు. ఇటు వైపు నుంచి దారి లేదా బయటికి?"

"గట్టొక్కటే దారి. కంచె అవతల సముద్రం."

"నేను పోయి చెప్పేస్తాను. నాకేం తెలీదు, నేనేం గమనించలేదు, నీ మీద రాయలేదు అని."

"చెప్తే?"

"చెప్తే ఏమవుతుంది?"

"అటు చూడు. ఏడాది తర్వాత ఈ ఊరి ముందు చొక్కా విప్పి నీళ్లలో దిగాడు. అందరూ చదివారని తెలిసే దిగాడు. పెళ్లానికి అంతా తెలుసు, తెలిసే డబ్బా కట్టింది, ఇంక ఎవరికి భయపడాలి అని దిగాడు. ఇప్పుడు నువ్వెళ్లి అదంతా అల్లాను అంటావా?"

"అనను. అనకపోతే?"

"అనకపోతే రాగ్నావి నువ్వే."

"ఎన్నాళ్లు?"

"పుస్తకం అచ్చులో ఉన్నన్నాళ్లు. తర్వాత లైబ్రరీల్లో ఉంటుంది."

"నాకా రాగ్నా అంటే ఇష్టం లేదు స్టీన్వోర్. మరీ మంచిది. రాస్తుంటేనే విసుగొచ్చింది. అంత పుస్తకంలో ఒక్క గిన్నె కూడా విసరదు."

"నువ్వే రాశావుగా అలా."

"చదివేవాళ్లకి బాగుంటుందని రాశాను. నేను పోయి ఆ ఇంట్లో ఉండాలని రాశానా? నాకు కోపమొస్తోంది. ఏడాది. నా కళ్ల ముందు. బూట్లు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, 'వస్తా' అని. నేను లేచి నిలబడి డబ్బా చేతికిచ్చి. రొట్టె మీద వెన్న అంచుల దాకా రాసేదాన్ని హెర్దిస్, చలిలో నిలబడి పని చేసే మనిషని. వీళ్లందరికీ తెలుసు. రొట్టెల కొట్టాయనకి తెలుసు. పాస్టరు పెళ్లానికి తెలుసు."

"అరవకు. అటు వినిపిస్తుంది."

"అరవట్లేదు. అరవడానికి కూడా లేదు. రాగ్నాకి కోపం రాదుగా."

"ఈత ఆపాడే."

"నీళ్లలో మునుగుతాను."

"ఎంతసేపు మునుగుతావు? నిచ్చెన ఎక్కుతున్నాడు. ఇటే వస్తున్నాడు."

"స్టీన్వోర్, ఇన్ని పుస్తకాలు చదివారు. ఇక్కడ ఏం చేస్తారండీ?"

"పుస్తకాల్లో అయితే ఇక్కడ అధ్యాయం మారుస్తారు."

"ముగ్గురూ ఇంకా ఉడకలేదా?"

"ఉడికాం కోల్బెయిన్. మేం లేస్తున్నాం. స్టీన్వోర్, పదండి."

"ఇప్పుడేగా దిగాను."

"మోకాలు నొప్పన్నారు."

"వేడికి తగ్గింది. ఆఖరి పేజీ చూడకుండా నేను ఏ పుస్తకమూ..."

"స్టీన్వోర్, పదండి అంటున్నా."

"సరే, లాగకు. చెయ్యివ్వు."

"హెర్దిస్, వెళ్లకే. హెర్దిస్."

"నా తువ్వాలు గాలికి ఎగిరిపోతోంది యోరున్. తర్వాత ఫోను చెయ్యి. చెయ్యకపోయినా సరే."

"ఏమిటి యోరున్, వాళ్లలా పరిగెత్తారు? చలి పుట్టిందా?"

"ఏమో. నువ్వు దిగు ముందు, గాలి కొడుతోంది."

"అబ్బ. హాయిగా ఉంది. ఏం మాట్లాడుకుంటున్నారు?"

"పుస్తకం."

"స్టీన్వోర్ తిట్టిందా?"

"తిట్టింది. ఆఖరి మాట అబద్ధమంది."

"ఊఁ."

"ఊఁ ఏమిటి? నీకూ అలాగే అనిపించిందా?"

"నేను ముందు ఇంకోటి అడగాలి. అడగనా?"

"అడుగు."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఏది?"

"యోరున్."

"నీ చొక్కాకి వాసన పోయినప్పట్నుంచి."

"అంత ముందేనా."

"అంత ముందే."

"ఏడాదంతా ఒక్క మాట అనలేదు నువ్వు."

"ఏమనాలి కోల్బెయిన్? అయిపోయిందేదో అయిపోయింది. రేపు డబ్బాలో ఏం పెట్టమంటావు?"

"అది రాగ్నా అన్న మాట."

"రాసింది నేనే కదా."

"నువ్వే రాశావు. పండగ రాత్రి చదివి ఏడ్చాను, నీకు తెలుసనుకుని. నిన్న మళ్లీ చదివాను. నన్ను ఆ చలిలో కారులో కూర్చోబెట్టావు యోరున్, పదకొండు అధ్యాయాలు. ఇంజిను ఆపేసి. తెలిసుంటే నువ్వు నన్ను అలా కూర్చోబెట్టేదానివి కాదు."

"కోల్బెయిన్..."

"ఇంట్లో అడిగితే రాసుకోవాలని గదిలోకి పోయి తలుపేసుకుంటావు. అందుకే ఇక్కడికి తీసుకొచ్చాను. నీ తువ్వాలు కూడా నా దగ్గరే ఉంది. రాగ్నా ఏమంటుందో రెండుసార్లు చదివాను, అది చాలు. ఇప్పుడు నువ్వేమంటావో చెప్పు."